మా అమ్మాయికి ఏ నవల ఇవ్వమంటారు?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయి కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పుస్తకాల గురించే ఉన్నాయి. పన్నెండు నుంచి పదిహేనేళ్ల ఆడపిల్లలకి పాత నవలల్లో ఏవి ఇవ్వాలి, ఏవి ఇప్పుడే వద్దు అని అమ్మలు, నాన్నలు, ఒక అమ్మమ్మగారు, ఒక టీచరు అడిగారు. ఇద్దరు అమ్మాయిలు సొంతంగా రాశారు, అందుకు మరీ సంతోషం. మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి వాయిదా వేసి ఈ నెల వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. ఏడాది కిందటి వరకు ఏ పుస్తకం చేతికిస్తే అది చదివేది, ఇప్పుడు ఫోన్ తప్ప మరో ధ్యాస లేదు. క్లాసిక్స్ చదివితే భాష, నడవడిక రెండూ బాగుపడతాయని డికెన్స్ నవల ఒకటి కొనిచ్చాను. పది పేజీలు చదివి పక్కన పడేసింది. పైగా ఈమధ్య కోపం ఎక్కువైంది, ఏం చెప్పినా ఎదురు మాట్లాడుతోంది. ఏ నవలతో మొదలుపెట్టమంటారు?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: నడవడిక బాగుపడాలని ఇచ్చిన పుస్తకాన్ని పదమూడేళ్ల పిల్ల ఇట్టే పసిగట్టేస్తుందండీ. ముందు ఆ ఉద్దేశం పక్కన పెట్టండి. మీరు ఉత్తరం చివర్లో రాసిన మాట ఉంది చూశారూ, కోపం ఎక్కువైందని, నేను అక్కడి నుంచి మొదలుపెడతాను. ఎందుకంటే ఈ వయసు ఆడపిల్లలకి నిలబడిన నవలల్లో చాలావాటి మొదట్లోనే ఒక అమ్మాయికి ఒళ్లు మండిపోయే సన్నివేశం ఉంటుంది. ఇంట్లో, బడిలో "ఆడపిల్లకి అంత కోపమేంటి" అనిపించుకునే పిల్లకి, తనలాగే కోపం వచ్చే అమ్మాయిని పుస్తకంలో చూస్తే ఎంత ఊరటో చెప్పలేను.

"ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్" తో మొదలుపెట్టండి. కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ అనే దీవిలో జరిగే కథ, ఎల్. ఎం. మాంట్‌గోమరీ రాశారు, 1908లో వచ్చింది. పొలం పనికి సాయంగా ఉంటాడని ఒక అన్నాచెల్లెలు అనాథాశ్రమం నుంచి మగపిల్లాణ్ణి పంపమంటే పొరపాటున పదకొండేళ్ల ఆడపిల్ల వచ్చి స్టేషన్‌లో కూర్చుంటుంది. ఎర్రజుట్టు, ముఖం నిండా మచ్చలు, నోరు మూతపడదు. పక్కింటావిడ వచ్చి ఈ పిల్లని ఎగాదిగా చూసి ఎంత బక్కగా ఉందో, ఎంత అనాకారిగా ఉందో ముఖం మీదే అనేస్తుంది. ఆన్ కాలితో నేలని తన్ని "మీరంటే నాకు అసహ్యం" అని అరుస్తుంది. మన ఇళ్లలో చుట్టాలొచ్చినప్పుడు "పిల్ల నల్లబడిందేంటి", "ఇంత పీలగా ఉంటే ఎలా" అనే మాటలు పిల్లల ముందే ఎంత తేలిగ్గా అనేస్తాం! మీ పాప ఆ పేజీ దగ్గర ఆగకుండా చదువుతుంది, చూడండి. తర్వాత అదే ఆన్ జుట్టు నల్లబడాలని ఊళ్లోకొచ్చిన సరుకులవాడి దగ్గర రంగు కొని రాసుకుంటే అది ఆకుపచ్చగా మారి చివరికి జుట్టంతా కత్తిరించుకోవాల్సి వస్తుంది. రంగు తేలాలని క్రీములు పూసుకునే వయసులో ఉన్న పిల్లలకి ఈ అధ్యాయం గురించి మనం విడిగా చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత "లిటిల్ విమెన్". అమెరికాలో అంతర్యుద్ధం రోజుల కథ, లూయిసా మే ఆల్కాట్ రాసింది, 1868లో మొదటి భాగం, మరుసటి ఏడు రెండోది వచ్చాయి. నలుగురు అక్కచెల్లెళ్లు, తండ్రి యుద్ధంలో, ఇంట్లో డబ్బు లేదు. రెండో అమ్మాయి జో కథలు రాస్తుంది, గెంతుతుంది, గట్టిగా నవ్వుతుంది. తనని నాటకానికి తీసుకెళ్లలేదన్న ఉక్రోషంతో చిన్న చెల్లెలు ఏమీ, జో కొన్నేళ్లుగా రాసుకున్న కథల పుస్తకాన్ని పొయ్యిలో పడేస్తుంది. జో క్షమించదు. మర్నాడు ఏమీ గడ్డకట్టిన నది మీద మంచు విరిగి నీళ్లలో పడిపోతే అప్పుడు వణికిపోతుంది. ఆ రాత్రి తల్లి దగ్గర కూర్చుని నా కోపాన్ని ఏం చేసుకోనమ్మా అని ఏడుస్తుంటే, అందరూ శాంతమూర్తి అనుకునే ఆ తల్లి, నా జీవితంలో దాదాపు ప్రతిరోజూ నాకూ కోపం వస్తుంది జో, బయటపెట్టకుండా ఉండటం నేర్చుకున్నాను అంతే, అంటుంది. ఎనిమిదో అధ్యాయం అది. మీరు కూడా చదవండి. మీ పాప చదివాక "నాకూ వస్తుందే కోపం" అని మీరు ఒక్కమాట అన్నా చాలు, ఇద్దరి మధ్యా చాలా తేలికపడుతుంది. ఆ తల్లి ఇచ్చిన సలహా, అంటే కోపాన్ని లోపలే దాచుకోమనడం, నూట యాభై ఏళ్ల కిందటిది, అది ఒప్పుకోవాలా వద్దా అని మీ పాప మీతో వాదిస్తే వాదించనివ్వండి.

డికెన్స్ తప్పకుండా చదవాలి, కానీ రెండేళ్లు పోయాక. ఇంకో సంగతి, మొదటి అధ్యాయం మీరే పైకి చదివి వినిపించండి, భోజనాలయ్యాక పావుగంట. పాత నవలల్లో మొదటి పదిహేను, ఇరవై పేజీలు నెమ్మదిగా నడుస్తాయి, పిల్లలు అక్కడే వదిలేస్తారు, ఆ గట్టు మనం దాటించేస్తే తర్వాత వాళ్లే లాక్కుంటారు. ముప్ఫై పేజీలయ్యాక కూడా నచ్చలేదంటే ఆ పుస్తకం తీసేసి ఇంకోటి ఇవ్వండి, బలవంతం వద్దు. చదవడం అయ్యాక "నీతి ఏంటి" అని మాత్రం అడక్కండి. "ఎవరంటే నీకు చిరాకేసింది?" అని అడగండి, గంటసేపు మాట్లాడుతుంది.

ప్రశ్న: నాకు పద్నాలుగేళ్లు. మా అక్క గొప్ప నవల అని చెప్పి "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్" ఇచ్చింది. సగం చదివాను. ఎంతసేపూ ఎవరికి ఎంత ఆస్తి, ఎవరు ఎవరిని పెళ్లి చేసుకుంటారు అనే గోలే. నాకు బోర్ కొట్టింది. అందరికీ నచ్చింది నాకు నచ్చకపోతే నాకే అర్థం కాలేదనుకోవాలా?
– ఒక అమ్మాయి, కరీంనగర్

జవాబు: నీకు అర్థం కావాల్సింది సరిగ్గానే అర్థమైంది తల్లీ. ఆ పుస్తకం నిండా ఆస్తి గొడవే, నువ్వు పట్టుకున్నావు. అదెందుకో మీ అక్క చెప్పలేదు, అంతే.

1813 నాటి ఇంగ్లండు. బెన్నెట్ గారికి ఏడాదికి రెండువేల పౌండ్లు వచ్చే ఎస్టేటు ఉంది, అయిదుగురు కూతుళ్లు, కొడుకు లేడు. ఆ ఎస్టేటు మగ వారసుడికే పోవాలని కట్టుబాటు, కాబట్టి ఆయన కన్నుమూసిన రోజున ఇల్లూ పొలమూ కాలిన్స్ అనే దూరపు బంధువుకి వెళ్లిపోతాయి. తల్లికీ కూతుళ్లకీ ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా ఉండదు. పెద్దింటి ఆడపిల్లలు ఉద్యోగం చేసే వీల్లేదు, మహా అయితే ఎవరింట్లోనో పిల్లలకి పాఠాలు చెప్పే పంతులమ్మగా కుదరాలి. ఇప్పుడు ఆ తల్లి పెళ్లిళ్ల కోసం ఎందుకలా హైరానా పడుతుందో చూడు. ఆమె మాటతీరు చూసి మనకి నవ్వొస్తుంది, కానీ ఆమె భయం నిజం.

అదే కాలిన్స్ వచ్చి బెన్నెట్ గారి రెండో కూతురు ఎలిజబెత్‌ని చేసుకుంటానంటాడు. ఒప్పుకుంటే ఇల్లు దక్కుతుంది. ఆమె వద్దంటుంది. తల్లి, నువ్వు ఒప్పుకోకపోతే నీ ముఖం చూడను అంటే, తండ్రి నింపాదిగా, నువ్వు ఒప్పుకుంటే నేను నీ ముఖం చూడను అంటాడు. ఇది నవ్వుకునే సీనే, కానీ ఎలిజబెత్ ఎంత పెద్ద రిస్క్ తీసుకుందో తెలిసి చదివితే ఒళ్లు జలదరిస్తుంది. రెండురోజులు తిరక్కుండానే ఆమె స్నేహితురాలు షార్లట్, ఇరవై ఏడేళ్లది, అందమూ ఆస్తీ లేనిది, అదే కాలిన్స్‌కి సరే అంటుంది. షార్లట్ చేసింది తప్పా? దీని మీద నీకో అభిప్రాయం రాకమానదు, ఆ అభిప్రాయం కోసమే ఆ పుస్తకం చదవాలి.

ఇది ఎక్కడో ఇంగ్లండు గొడవ అనుకోకు. మన దగ్గర హిందూ కుటుంబాల్లో పెళ్లికాని కూతుళ్లకి తాతతండ్రుల ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం 1985 సెప్టెంబర్ నుంచి అమల్లోకొచ్చింది, దేశమంతటా కూతుళ్లందరికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. మీ అమ్మమ్మనో నానమ్మనో అడుగు, వాళ్ల పుట్టింటి పొలంలో వాళ్లకి ఏమొచ్చిందో. అది విన్నాక మళ్లీ మొదటి అధ్యాయం తియ్యి. అప్పటికీ బోర్ కొడితే మూసేసి పదహారేళ్లప్పుడు చూసుకో, ఏం కంగారు లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడు. క్లాసిక్స్ పేరుతో ప్రేమ వ్యవహారాలు ఉన్నవి చదివితే మనసు పాడవుతుందని నా టెన్షన్. ముందు నేను చదివి అభ్యంతరమైన పేజీలు తీసేసి ఇవ్వడం మంచిదా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: ముందు చదవడం చాలా మంచి పని, తప్పకుండా చదవండి. పేజీలు తీసేయడం మాత్రం వద్దండీ. చింపిన పేజీలో ఏముందో కనుక్కోవడానికి ఇవాళ పిల్లకి ఒక్క నిమిషం పట్టదు, పైగా నాన్న తనని నమ్మలేదని మనసులో పడిపోతుంది.

ప్రేమ ఉన్నంత మాత్రాన భయపడకండి. ఆ వయసుకి బరువైన విషయాలు వేరే ఉన్నాయి. చలం "మైదానం", హార్డీ "టెస్", బుచ్చిబాబు "చివరకు మిగిలేది" గొప్ప రచనలే, పదమూడేళ్లప్పుడు వద్దు. దాచిపెట్టాలని కాదు, ఆడామగా సంబంధాల్లోని మోసం, బలవంతం, అపరాధభావం లాంటివి అర్థం చేసుకోవడానికి కాస్త లోకం తెలియాలి కాబట్టి. హార్పర్ లీ "టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్" లో కథ చెప్పేది చిన్నపిల్ల స్కౌట్ అయినా, కోర్టులో నడిచేది అత్యాచారం కేసు, నల్లజాతి మనిషి మీద మోపిన అబద్ధపు కేసు. పద్నాలుగు దాటాక మీరిద్దరూ ఒకే వారంలో చదివి మాట్లాడుకోండి. అందులో తండ్రి అట్టికస్ పిల్లలు ఎంత ఇబ్బందికరమైన ప్రశ్న అడిగినా తప్పించుకోకుండా జవాబు చెబుతాడు. మీకు నచ్చుతాడు.

ప్రశ్న: మా రోజుల్లో యద్దనపూడి నవలల కోసం వీక్లీ వచ్చే రోజున గుమ్మంలో కాసుకుని కూర్చునేవాళ్లం. మా మనవరాలికి పధ్నాలుగు నిండుతాయి, తెలుగు బాగా చదువుతుంది. "సెక్రటరీ" ఇవ్వొచ్చా? వాళ్లమ్మ వద్దంటోంది.
– ఒక అమ్మమ్మ, రాజమండ్రి

జవాబు: ఇవ్వండి అమ్మగారూ, అందులో దాచాల్సిందేమీ లేదు. 1960ల్లో మధ్యతరగతి ఇంటి నుంచి ఒక అమ్మాయి ఉద్యోగానికి బయల్దేరడం, ఆత్మాభిమానం తగ్గించుకోకుండా నిలబడటం ఎంత కొత్త విషయమో మీకు తెలుసు, మనవరాలికి తెలీదు. నాయిక జయంతి గురించి ఆ సంగతి మీరే చెప్పండి. రాజశేఖరంలాంటి ధనవంతుడు, అందగాడు, మనసులో మాట చెప్పకుండా బిగుసుకునే హీరో ఆ రోజుల్లో మీకెందుకు నచ్చాడో, ఇప్పుడు తనకి ఎలా అనిపిస్తున్నాడో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, వాళ్లమ్మని కూడా పిలవండి.

దాని తర్వాత, పదహారేళ్లకి, డాక్టర్ పి. శ్రీదేవి "కాలాతీత వ్యక్తులు" ఇవ్వడం మర్చిపోకండి. "తెలుగు స్వతంత్ర" లో సీరియల్‌గా వచ్చింది, "చదువుకున్న అమ్మాయిలు" సినిమాకి ఆధారం అదే. కానీ నవలలో ఇందిర ముందు సినిమా తేలిపోతుంది. తనకి ఏం కావాలో తెలిసి, అది అడగడానికి సిగ్గుపడని అమ్మాయి. మంచిదా చెడ్డదా అని మనం తేల్చుకోలేం, తేల్చుకోలేకపోవడమే ఆ పాత్ర గొప్పదనం. శ్రీదేవిగారు వృత్తిరీత్యా డాక్టరు, 1961లో, ముప్ఫై రెండేళ్లకే పోయారు. ఆమె ఇంకో ఇరవై ఏళ్లు ఉండుంటే తెలుగు నవల ఎలా ఉండేదో అని ఆ పుస్తకం తీసినప్పుడల్లా బాధేస్తుంది.

ప్రశ్న: కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో తెలుగు టీచర్ని. మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం ఉండదు. తల్లిదండ్రులు వలస వెళ్తారు, పిల్లలు హాస్టల్లో ఉంటారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకి ఏ క్లాసిక్స్ పరిచయం చేయమంటారు? ఇంగ్లిష్‌లో చదవలేరు. డబ్బు కూడా తక్కువే.
– ఒక టీచరు, అనంతపురం జిల్లా

జవాబు: టీచరుగారూ, మీ ఉత్తరానికి జవాబు కాస్త ఎక్కువే రాస్తాను, ఏమీ అనుకోకండి.

మీ పిల్లలకి అన్నిటికంటే దగ్గరి నవల నాకు తెలిసి "జేన్ ఐర్", అందులోనూ మొదటి పది అధ్యాయాలు. 1847లో షార్లట్ బ్రాంటీ రాసింది, ఆడపేరు కనిపించకుండా కర్రర్ బెల్ అనే పేరుతో అచ్చయింది. తల్లీతండ్రీ లేని పదేళ్ల పిల్ల, మేనత్త ఇంట్లో కూడా కాదు, చనిపోయిన మేనమామ భార్య ఇంట్లో బతుకుతుంటుంది. కిటికీ పక్కన తెర వెనక దాక్కుని పుస్తకం చదువుకుంటుంటే ఆ ఇంటి కొడుకు వచ్చి, మా పుస్తకాలు ముట్టుకోవడానికి నువ్వెవరు, మా అన్నం తినే దానివి అని ఆ పుస్తకమే విసిరికొడతాడు. తల పగిలి రక్తం వస్తుంది. ఆ పిల్ల తిరగబడుతుంది. శిక్ష మాత్రం ఆ పిల్లకే, ఎర్రగదిలో పెట్టి తాళం వేస్తారు. తర్వాత బడి నడిపే బ్రాకిల్‌హర్స్ట్ అనే మతాధికారి వచ్చి, నరకానికి పోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి అని అడిగితే జేన్, "ఆరోగ్యంగా ఉండి చావకుండా చూసుకోవాలి" అంటుంది. ఈ జవాబు దగ్గర మీ క్లాసు మొత్తం చప్పట్లు కొట్టకపోతే అడగండి.

ఇక ఆ తర్వాత వచ్చే లోవుడ్ హాస్టలు మీ పిల్లలకి విడమరిచి చెప్పాల్సిన పనే లేదు. మాడిపోయిన గంజి, పొద్దున్నే గడ్డకట్టిన నీళ్లు, అరకొర తిండి. మాడిన గంజి ఎవరూ తినలేదని టెంపుల్ అనే మంచి టీచరు తన బాధ్యత మీద పిల్లలకి రొట్టె, జున్ను పెట్టిస్తే, ఆకలి మాడ్చుకోవడం నేర్పాల్సింది పోయి తిండి పెడతావా అని బ్రాకిల్‌హర్స్ట్ ఆమెనే మందలిస్తాడు. ఒక పిల్లకి పుట్టుకతోనే ఉంగరాల జుట్టు ఉంటే అది ఆడంబరమని కత్తిరించమంటాడు. సరిగ్గా అప్పుడే ఆయన భార్య, కూతుళ్లు వెల్వెట్లు, పట్టులు, బొచ్చు కోట్లు వేసుకుని, జుట్టు రింగులు తిప్పుకుని లోపలికొస్తారు. రచయిత్రి అక్కడ వ్యాఖ్యానం చేయదు, చూపించి ఊరుకుంటుంది. షార్లట్ చిన్నప్పుడు నిజంగానే అలాంటి బోర్డింగ్ బడిలో చదివింది, అక్కడే జబ్బు పడి ఆమె అక్కలిద్దరూ 1825లో చనిపోయారు. జేన్ స్నేహితురాలు హెలెన్ చావు చదువుతుంటే గుండె పట్టేసేది అందుకే.

దీన్ని చదివించలేకపోతే చెప్పండి. రోజూ రాత్రి స్టడీ అవర్ తర్వాత ఒక అధ్యాయం చొప్పున కథగా చెప్పండి, పది రోజులు. పెద్ద పెద్ద విదేశీ నవలల్ని మాలతీ చందూర్ గారు "పాత కెరటాలు" శీర్షికలో ఏళ్ల తరబడి అలాగే తెలుగు పాఠకులకి చెప్పారు, ఇంగ్లిష్ రాని లక్షలాది ఇల్లాళ్లకి ఆ నవలలు అందింది ఆమె వల్లే. ఆ సంపుటాలు దొరికితే బడికి తెప్పించండి, చెప్పే పద్ధతి కూడా తెలుస్తుంది. జేన్ పెద్దయి రాచెస్టర్ ఇంటికి వెళ్లాక నడిచే కథని పది, ఇంటర్ పిల్లలకి వదిలేయండి.

పిల్లలు సొంతంగా చదువుకోవడానికి "రైలుబడి" తెప్పించండి. అది నవల కాదు, జపాన్ నటి తెత్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి 1981లో రాసిన పుస్తకం, తెలుగులో హాయిగా చదువుకోవచ్చు. అల్లరి భరించలేమని ఒక బడి బయటికి పంపేసిన పిల్లని, పాత రైలు పెట్టెల్లో నడిచే ఇంకో బడి హెడ్మాస్టరు చేర్చుకుని, మొదటి రోజునే నాలుగు గంటల పాటు ఆ పిల్ల చెప్పేదంతా ఓపిగ్గా వింటాడు. ఏడో తరగతి వాళ్లకి ఇదే మొదటి పుస్తకం కావాలి.

తొమ్మిదో తరగతికి కేశవరెడ్డి "అతడు అడవిని జయించాడు". సన్నటి పుస్తకం, తప్పిపోయిన పంది కోసం ఒక ముసలాయన రాత్రంతా అడవిలో వెతికే కథ. అందులో ఆడపిల్ల పాత్ర లేదు, అయినా ఇవ్వండి. చిత్తూరు వైపు మట్టి వాసన, మీ సీమ పిల్లలకి పరాయిగా అనిపించదు. బెంగాలీలో బిభూతిభూషణ్ "పథేర్ పాంచాలీ" (1929) అనువాదం దొరికితే వదలకండి. అందరూ అపు కథ అంటారు, నాకు మాత్రం అది వాడి అక్క దుర్గ కథ. ఎవరి తోటలోంచో పండు ఏరుకొచ్చి దెబ్బలు తినే పిల్ల, జ్వరంతో పడుకుని తమ్ముణ్ణి, ఒకరోజు నాకు రైలు చూపిస్తావా అని అడుగుతుంది. చూడకుండానే పోతుంది. ఆ పుట మీరు ముందుగా ఒక్కరే చదువుకుని ఆ తర్వాత క్లాసులో చదవండి, గొంతు పూడుకుపోతుంది.

డబ్బు గురించి. హైదరాబాద్ వచ్చినప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, జనవరిలో అయితే విజయవాడ పుస్తక మహోత్సవంలో వెతికితే తక్కువలోనే చాలా వస్తాయి. ఒక్కో పుస్తకం ఒక్కో కాపీ కాకుండా, మంచి పుస్తకం ఒకటే అయిదారు కాపీలు కొనండి. నలుగురు ఒకేసారి చదివితే రాత్రి గదిలో దాని గురించే మాట్లాడుకుంటారు, మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే అడుగుతారు.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా పన్నెండేళ్ల పాపకి "ది సీక్రెట్ గార్డెన్" బడిలో చెప్పారు. అందులో ఇండియా గురించి ఉన్న మాటలు చూసి బాధపడి వచ్చింది. అలాంటి పుస్తకం చదవకపోతేనే మంచిదా? తెలుగు క్లాసిక్స్ కూడా పరిచయం చేయాలని ఉంది కానీ తనకి తెలుగు చదవడం రాదు, వింటే అర్థమవుతుంది.
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: పాప బాధపడింది అంటే సరిగ్గా చదివింది. 1911 నాటి పుస్తకం అది. మేరీ ఇండియాలో పెరిగిన తెల్లపిల్ల, కోపం వస్తే ఆయాని చెంపదెబ్బ కొట్టే అలవాటు, కలరాలో తల్లీతండ్రీ పోయాక ఇంగ్లండుకి వెళ్తుంది. అక్కడ పనిపిల్ల, నువ్వు కూడా నల్లపిల్లవే అనుకున్నాను అంటే మేరీ ఊగిపోయి, వాళ్లు మనుషులే కాదు, సలాం కొట్టే నౌకర్లు అంటుంది. అది ఆ పిల్ల పొగరు మాత్రమే అని సర్దిచెప్పకండి, రచయిత్రి చూపులో కూడా ఇండియా అంటే వేడి, జబ్బులు, చాకిరీ తప్ప ఇంకేం లేదు. పాపతో ఆ మాట నిక్కచ్చిగా చెప్పండి. కలరాలో ఆ ఆయానే ముందు చనిపోతుంది. ఆమె వైపు నుంచి రెండు పేజీలు రాయమని మీ పాపని అడగండి. మూతపడ్డ తోట తలుపు తెరుచుకోవడం, మొండిపిల్ల మనిషి కావడం, ఆ భాగం నిజంగా బాగుంటుంది, దాన్నీ వదులుకోనక్కర్లేదు.

తెలుగుకి వస్తే, ఒక మాట ఒప్పుకోవాలి. మన పాత నవలల్లో పన్నెండు, పదమూడేళ్ల ఆడపిల్ల కథానాయికగా కనిపించడం చాలా అరుదు, ఎందుకంటే ఆ కాలంలో ఆ వయసుకి పెళ్లయిపోయేది, నవలలోకి భార్యగానే వచ్చేది. ఈ లోటు నాకు ఎప్పుడూ మనసులో ముల్లులా ఉంటుంది. అందుకని ఆడపిల్ల కథే కావాలని పట్టుబట్టకండి. మొక్కపాటి "బారిస్టర్ పార్వతీశం" మొదటి భాగం (1924) మీరు పైకి చదవండి. ఇంట్లో చెప్పకుండా మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయల్దేరిన కుర్రాడు, గొప్పగా ఉంటుందని దొరసానులు పెట్టుకునే టోపీ కొనుక్కుని తిరుగుతాడు. దేశం మారిన ఇంట్లో ఆ కథకి నవ్వు రెట్టింపు వస్తుంది, మీ మొదటి ఏడాది అమెరికా అనుభవాలు కూడా పాపకి అప్పుడే చెప్పొచ్చు. రోజుకి నాలుగైదు పేజీలు చాలు.

కాస్త అలవాటయ్యాక అడివి బాపిరాజు "గోన గన్నారెడ్డి". భాష కొంచెం బరువు, మీరే మధ్యలో వివరించాల్సి వస్తుంది, కానీ కొడుకులా పెంచబడి కాకతీయ సింహాసనం ఎక్కిన రుద్రమదేవి అందులో ఉంది. అది కల్పిత కథ, చరిత్ర వేరే చెప్పండి, ఆమె మరణాన్ని చెప్పే 1289 నాటి శాసనం నల్లగొండ వైపు చందుపట్లలో దొరికింది. ఈసారి ఇండియా వచ్చినప్పుడు చుట్టాలిళ్ల మధ్యలో ఒక రోజు వరంగల్ కోటకి కేటాయించండి.

ప్రశ్న: లిటిల్ విమెన్‌లో జో లారీని ఎందుకు పెళ్లి చేసుకోలేదు? నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. రచయిత్రి ఎందుకలా చేసింది?
– ఒక అమ్మాయి, గుంటూరు

జవాబు: నీ ఒక్కదానికే కాదు నాన్నా, 1868లోనే మొదటి భాగం చదివిన అమ్మాయిలు జో పక్కింటి స్నేహితుడు లారీకే దక్కాలని ఆల్కాట్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఎవరి సంతోషం కోసమూ జోని లారీకి ఇచ్చి పెళ్లి చేయనని ఆమె తన డైరీలో రాసుకుంది. ఆమె అసలు పెళ్లే చేసుకోలేదు, రాసి సంపాదించి ఇంటిల్లిపాదినీ పోషించింది, జో కూడా అలాగే ఉండాలని ఆమె కోరిక. చివరికి ప్రొఫెసర్ భేర్‌తో పెళ్లి చేసింది కానీ అది అయిష్టంగానే.

రెండో భాగంలో లారీ అడిగినప్పుడు జో ఏం చెబుతుందో ఇంకోసారి చదువు. ఇద్దరికీ కోపం ఎక్కువ, మొండితనం ఎక్కువ, రోజూ పోట్లాడుకుంటాం అంటుంది. నువ్వంటే ఇష్టం లేదని అనదు, ఆ రకం ఇష్టం ఎంత ప్రయత్నించినా రావట్లేదు అంటుంది. మంచి స్నేహితుడు బతిమాలుతున్నాడు, అందరూ అవునంటారని ఎదురుచూస్తున్నారు, అలాంటప్పుడు కాదని చెప్పడం పుస్తకంలో కూడా ఎంత కష్టమో చూడు. నీకు ఇంకా ఒప్పుదల కాకపోతే జో అవునంటే తర్వాత అయిదేళ్లకి వాళ్లిల్లు ఎలా ఉండేదో ఒక అధ్యాయం రాసి నాకు పంపు, తప్పకుండా చదువుతాను.